పరస్థానం మూట

పక్షుల్ని చూడటానికి రైలెక్కి పోయిన రాజులు మేమేనని కార్వేటినగరంలో ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ వ్యయ నామ సంవత్సరం మాఘమాసం రాకపోయుంటే మా ఇల్లు ఇల్లులా మిగిలేది కాదు. ఎవరికి దండం పెట్టాలో సరిగ్గా తెలియదు గనక, పొద్దున లేవగానే అందరికీ కలిపి ఒకటే దండం పెట్టేస్తుంటాను.

మొదలుపెట్టింది రాజారత్నం. మా ఆయన సుందరరాజు డ్రాయింగు మాస్టరుగా ఉన్న స్కూల్లోనే అతను సైన్సు చెప్పేవాడు. క్రిస్మస్ సెలవులకు మద్రాసు పోయి, యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న దుర్భిణి ఒకటి కొనుక్కొచ్చాడు. బస్సు దిగి తన ఇంటికి కూడా పోకుండా నేరుగా మా వసారాలోకి వచ్చి, దాన్ని మెడలోంచి తీసి మా ఆయన ముందు పెట్టాడు.

"సూడండి రాజుగారూ. కోట గోడ మింద కూర్చున్న చిలక మీ ముక్కు మింద వాలినట్టుంటాది."

"నాకెందుకప్పా? మీ చెల్లెలికి సూపించు," అన్నాడు మా ఆయన.

సరే, మాటవరసకు ఆ చెల్లెలు నేనే గనక చూశాను. చిలక మెడ చుట్టూ ఎర్ర పట్టీ, అది కన్ను ఆర్పడం కూడా కనిపించేసరికి చేతిలో చేట కింద పడేసి కేక పెట్టాను. పామేమోనని మా అత్త మునిరత్నమ్మ లోపల్నుంచి కర్ర పట్టుకుని వచ్చింది. ఇంత గోల జరుగుతున్నా మా ఆయన తల తిప్పలేదు. ఆయన పిట్టల వైపు చూసి ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు ఇంటినిండా ఆయన గీసిన పిట్టలే. ఆ తర్వాత స్కూల్లో పిల్లలకు కుండలు, మామిడికాయలు గీయించడం తప్ప ఇంకేమీ లేదు.

రాజారత్నం అంత తొందరగా వదిలే రకం కాదు. "స్కూలు గోడ మింద సరస్వతమ్మ పక్కన హంసను ఏసినారే, అది బాతు సామీ," అన్నాడు.

"బాతా?"

"బాతే. మెడ కొంచెం సాగదీసినారు, అంతే. మీరు అసలు హంసను యాడన్నా సూసినారా?"

"నువ్వు సూసినావా?"

"నేనూ సూడలే. కానీ యాడుంటాయో తెలుసు. సూళ్ళూరుపేట కాడ పులికాటు సరస్సుండాది. ఉత్తరపు దీవులంటారంట, ఆడ రాజహంసలు వేలకు వేలు దిగతాయంట. ఎర్రటి కాళ్ళు, వంకర ముక్కు. ఇప్పుడైతే ఉండాయి. ఎండలు ముదిరి నీళ్ళింకితే ఒక్కటీ ఉండదు."

మా ఆయన వసారాలోంచి స్కూలు దిక్కుకు తల తిప్పి చూశాడు. తర్వాత, "ఎంత దూరం?" అన్నాడు.

నేను వంటింటి గడపలో ఆగిపోయాను. ఎనిమిదేళ్ళలో ఈ మనిషి ఏదైనా ఎంత దూరమని అడగడం అదే మొదలు. రాజారత్నం నా సొంత అన్న అయ్యున్నా అంత ముద్దొచ్చేవాడు కాదు, ఆ క్షణాన.

అక్కణ్ణుంచి మా వసారా ఒక చిన్న కచ్చేరీ అయిపోయింది. పుత్తూరులో రైలెక్కాలి, రేణిగుంటలో మారాలి, గూడూరులో మళ్ళీ మారాలి. శివరాత్రి వెళ్ళిన శుక్రవారం బయలుదేరితే ఇద్దరికీ సెలవు కుదురుతుంది. బియ్యం మోసుకుపోతే జిల్లా దాటేచోట రేషనువాళ్ళు పట్టుకుంటారు, అటుకులైతే ఎవరూ అడగరు. వేయించిన చెనిక్కాయలు ఒక సంచి, బెల్లం ఒక సంచి. నేనూ వస్తానన్నాను. ఆడవాళ్ళెందుకు అని ఎవరైనా అంటారేమోనని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను గానీ, మా అత్త, "పోనీరా, వీళ్ళిద్దరికీ అటుకులు తడిపేది కూడా రాదు. పిల్లోళ్ళను నేను సూసుకుంటా," అనేసింది. సిద్ధం చేసుకున్న జవాబు వృథా అయింది.

ఇంతకీ ఆ ఎనిమిదేళ్ళ సంగతి చెప్పకపోతే కథ నడవదు. రెండు మాటల్లో చెప్పేస్తాను. ఎక్కువ చెప్పడం నాకూ కష్టమే.

మా మరిది చెంగల్రాజు, అతని భార్య తిరుమలమ్మ, మేము అంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెరట్లో పాత గుర్రాల లాయం ఉండేది. దాని అటక మీద గూబ ఒకటి గుడ్లు పొదిగి మూడు పిల్లల్ని లేపింది. మా ఆయన నిచ్చెన వేసుకుని దినమూ వాటిని గీసేవాడు. అప్పుడు తిరుమలమ్మకు ఎనిమిదో నెల. కడుపుతో ఉన్న మనిషి తల మీద గూబ అరవకూడదని ఎవరో ఆమె చెవిన వేశారు. ఆమె భయపడింది. పెళ్ళాం భయపడితే మా మరిది ఊరుకోలేడు, చేతిలో తుపాకీ, గురి తప్పని మనిషి. తల్లినీ తండ్రినీ కాల్చేసి, పిల్లల్ని కూడా తీసి పారేశాడు. మా ఆయన స్కూలునుంచి వచ్చి చూశాడు. వాటిని చేతుల్లోకి తీసుకుని, అందరూ వింటుండగా, "గూట్లో బిడ్డల్ని సంపినోడి ఇంట్లో తొట్టిల ఊగదు," అన్నాడు.

మూడు వారాలకు తిరుమలమ్మ కనింది. ఆడబిడ్డ. నా చేతుల్లోకే వచ్చింది, ఏడవలేదు.

మాటకూ బిడ్డకూ సంబంధం లేదని నాకు ఇప్పుడూ తెలుసు, అప్పుడూ తెలుసు. మా ఆయనకూ తెలుసు. కానీ అన్న మాట గాల్లోనే నిలబడిపోయింది, దాన్ని వెనక్కి తీసుకునే దారి ఆయనకు దొరకలేదు. తిరుమలమ్మకు మళ్ళీ కడుపు పండలేదు. నెలలోపే ఇంటి నడుమ గోడ లేచింది. ఉత్తరపు భాగం వాళ్ళది, దక్షిణపు భాగం మాది. మా ఇద్దరు పిల్లలు మాత్రం గోడ దూకి చిన్నమ్మ చేతి ముద్దలు తిని వచ్చేవాళ్ళు, వాళ్ళను ఎవరూ ఆపలేదు. పెద్దవాళ్ళం మాత్రం మాట్లాడుకోలేదు. చెల్లెలులాంటి తోడికోడలు గోడ అవతల దగ్గితే వినిపించేది, ఎలా ఉన్నావని అడగడానికి మాత్రం నాకు నోరు వచ్చేది కాదు.

ఇక మళ్ళీ ప్రయాణంలోకి వస్తాను.

మా అత్త పంచాంగం తెచ్చి వసారాలో కూర్చుంది. "యా దిక్కు?" అంది.

"ఉత్తరపు దీవులమ్మా," అన్నాడు మా ఆయన.

"శుక్రవారం పాడ్యమి. పాడ్యమి నాడు ఊరు దాటేదెట్లరా?"

"సెలవు దొరికేది అప్పుడే."

"అయితే దశమి మంచిది, ఆ పొద్దు పరస్థానం పెడదాం."

ఈ కాలం పిల్లలకు పరస్థానం అంటే తెలియదు. మంచి ఘడియ ఒకరోజు, కుదిరే ప్రయాణం ఇంకోరోజు అయినప్పుడు, ప్రయాణంలో కట్టుకునే గుడ్డలు, కాసిని బియ్యం, పసుపుకొమ్ము, వక్క మూటగట్టి మంచి ఘడియలో ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తారు. అప్పుడే మనిషి బయలుదేరినట్టు లెక్క. వెళ్ళే రోజున తన ఇంట్లోంచి నేరుగా ఆ ఇంటికి పోయి, ఆ ఇంటి ఇల్లాలి చేతినుంచి మూట అందుకుని అటే సాగిపోవాలి. మళ్ళీ తన గడప తొక్కకూడదు.

"పొయ్యే దిక్కున ఉండే ఇంట్లోనే పెట్టాల," అంది మా అత్త, పంచాంగంలోంచి తల ఎత్తకుండా. "ఉత్తరం దిక్కు ఇంట్లో."

మా ఇంటికి ఉత్తరాన ఇల్లు ఒకటే. అది దాటితే కూలిన కోట గోడ, ఆ తర్వాత చెనిక్కాయ చేలు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "అయితే ప్రయాణమే వద్దు," అన్నాడు.

"వద్దంటే వద్దు. నేనేమన్నా నిన్ను పొమ్మని గెంటినానా?" అని మా అత్త పంచాంగం మూసి, ఒళ్ళో పెట్టుకుని, వక్క కొరుక్కుంది.

రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ సూళ్ళూరుపేట పేరెత్తలేదు. రాజారత్నం వచ్చి, పరస్థానమంటే ఏమిటో మూడుసార్లు చెప్పించుకుని, "పోనీ మూట మా ఇంట్లో పెట్టండి, నేను కిరస్తానీనైతే మాత్రం గుడ్డలు మాసిపోతాయా?" అన్నాడు. "నీ ఇల్లు దచ్చిణాన ఉండాది నాయనా," అంది మా అత్త ఎంతో ప్రేమగా. మా ఆయన స్కూలుకు పోయి మామిడికాయలు గీయించి వచ్చాడు. ఇంకో ఎనిమిదేళ్ళు ఇలాగే గడుస్తాయని నాకు భయం పట్టుకుంది. పిట్టలు చూడకపోతే ఏం, లోకంలో ఎంతమంది చూస్తున్నారు? నాకు కావలసింది పిట్టలు కావు. ఎంత దూరమని అడిగిన ఆ మనిషి నాకు మళ్ళీ కావాలి.

మూడోరోజు ఆయన అన్నం ముందు కూర్చుని, ఇంటి దూలం వైపు చూస్తూ, "మూట నువ్వు తీసకపోతావా?" అన్నాడు.

"మళ్ళా తీసుకునేదానికి మీరే పోవాల," అన్నాను.

"ఆ పొద్దు సంగతి ఆ పొద్దు సూద్దాం."

దశమినాడు పొద్దున్నే మూట పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడ్డాను. ఎనిమిదేళ్ళలో తిరుమలమ్మ వాకిలి అంత దగ్గరగా చూడటం అదే. ముగ్గు బాగా వేస్తుంది, ఎప్పుడూ నాకంటే బాగానే వేస్తుంది. ఆమె పేడ చేతులతో బయటికొచ్చి నన్ను చూసి అలాగే ఉండిపోయింది.

"అత్త పంపించింది," అన్నాను, అంతకంటే ధైర్యం లేక. "మీ బావ ఉత్తరానికి పోతా ఉండారు. పరస్థానం."

ఆమె మూట వైపు చూసింది, నా ముఖంలోకి చూసింది. మూటతో వచ్చినవాళ్ళను వద్దని పంపడం ఎవరూ చేయరు. శత్రువు మూటయినా సరే, ప్రయాణం చెడగొట్టిన పాపం ఆ ఇంటికి తగులుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, అందరికంటే బాగా మా అత్తకు తెలుసు. తిరుమలమ్మ లోపలికి పోయి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి, రెండు చేతులూ చాచింది.

"యా ఊరు?" అని మాత్రం అడిగింది.

"సూళ్ళూరుపేట. హంసల్ని సూసేదానికి."

ఆమె మూటను గుండెకు ఆనించుకుని లోపలికి తీసుకుపోయింది. నేను గోడవారనే ఇంటికి వచ్చి, వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. మా అత్త చూసి కూడా చూడనట్టే కూరగాయలు తరుక్కుంది.

మూట ఆ ఇంట్లో పడిన మర్నాటినుంచి మా మరిది ఎద్దుతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

వాళ్ళ పశువుల పాక గోడకు ఆనుకునే ఉండేది. పొద్దున గడ్డి వేసేటప్పుడు, గొంతెత్తి, ఊరంతా వినేటట్టు, "రేయ్ మైలా, కొందరు పులికాటుకు పోతారంట, ఇన్నావా? సెప్పులేసుకోని దిగతారేమో. ఆ బురదలో సెప్పు దిగితే మళ్ళా పైకి రాదు," అన్నాడు.

వేటకని మా మరిది తిరగని చెరువూ, దిగని సరస్సూ లేవు. గోడకు ఇవతల పళ్ళు తోముకుంటున్న మా ఆయన చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు మళ్ళీ. "రేయ్ మైలా, మద్యాన్నం పడవెక్కితే ఏం లాభంరా? ఎండకు నీళ్ళు తళతళమని కండ్లకు కొడతాయి, ఒక్క పిట్టా కనపడదు. తెల్లారతానే పోవాల. సూర్యుడు ఎనకాల ఉండేటట్టు పోవాల."

మా ఆయన గోడవార కూర్చుని, సుద్దముక్కతో ఆ మాటలు అరుగు మీద రాసుకుంటున్నాడు. నేను చూశానని తెలిసి, కాలితో చెరిపేశాడు. చెరిపినా నాకు చదవడం వచ్చు కదా. చిన్నప్పుడు అన్న పలక మీద రాసినవి తమ్ముడు చెరిపేవాడట, మా అత్త చెప్పేది. ఇప్పుడు తమ్ముడు చెప్పేవి అన్న రాసుకుంటున్నాడు. నాలుగు రోజులు ఇదే తంతు. గాలికి ఎదురు నడవమని, తెల్ల గుడ్డలు కట్టుకోవద్దని, పడవాయన పిల్లలకు బెల్లం తీసుకుపొమ్మని, అన్నీ మైల ఎద్దుకే చెప్పాడు. పాపం, ఊళ్ళో అంత చదువుకున్న ఎద్దు ఇంకోటి లేదు.

బుధవారం సాయంత్రం రాజారత్నం స్కూల్లోని జిల్లా పటం చుట్టబెట్టి తెచ్చి వసారాలో పరిచాడు. రైలు దారి మీద పెన్సిలు గీత గీస్తూ గీస్తూ ఆగిపోయాడు.

"రాజుగారూ," అన్నాడు, "ఒక తప్పు జరిగిపోయింది."

"ఏందప్పా?"

"దీవులు సరస్సుకు ఉత్తరం. మనకు కాదు. ఇదిగో కార్వేటినగరం, ఇదిగో సూళ్ళూరుపేట. మనకు తూర్పు."

మా ఆయన పటం మీదికి వంగాడు. డ్రాయింగు మాస్టరు, సైన్సు మాస్టరు, ఇద్దరూ కలిసి నెలరోజులు తూర్పును ఉత్తరమనుకుంటూ కూర్చున్నారు. నవ్వుదామనుకున్నాను. కానీ మా ఆయన ముఖం చూశాక నవ్వు రాలేదు. ఆ ముఖంలో నేను చూసింది ఊరట. తమ్ముడి గడప తొక్కకుండా తప్పించుకునే సందు దొరికిన ఊరట.

"తూర్పు అంటే సుబ్బన్న ఇల్లు," అన్నాడు మెల్లిగా. "పంకజాక్షీ, అమ్మకు సెప్పొద్దు. నువ్వు పోయి ఆ మూట అడిగి తీసకరా. సుబ్బన్న ఇంట్లో పెట్టేద్దాం. అట్ల పెట్టేదే గదా ధర్మం?"

ధర్మం గుర్తుకొచ్చింది దొరగారికి! కోపం నెత్తికెక్కింది. అయినా లేచి వెళ్ళాను.

తిరుమలమ్మ నడవలోనే ఉంది. మా మూటను నేల మీద పెట్టలేదు, దేవుడి గూట్లో పెట్టి, పసుపు, కుంకుమ పెట్టి, చెంత దీపం కూడా పెట్టింది. నన్ను చూసి ఈసారి తనే ముందు మాట్లాడింది.

"అక్కా, బావకు సముద్రం గాలి పడదు గదా? పెండ్లయిన కొత్తలో మద్రాసు పోయొచ్చి ఎంత దగ్గినారు. శొంఠి, మిరియాలు దంచి పొట్లం కట్టినా. మూటలో పెట్టేదా, నువ్వు సేతికిస్తావా?"

ఎనిమిదేళ్ళు. ఆయన దగ్గు ఆమెకు గుర్తుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అడగవలసిన మాట నా నోట్లోంచి రాలేదు, రానివ్వలేదు నేను.

"మూటలోనే పెట్టు తిరుమలా," అన్నాను.

ఇంటికొచ్చి, గడపలో ఎదురుచూస్తున్న మా ఆయనతో, "ఇయ్యదంట," అన్నాను. "పెట్టిన మూట నడుమ తీస్తే వాళ్ళింటికి మంచిది కాదంట." పెళ్ళయిన తర్వాత ఆయనకు చెప్పిన అబద్ధాల్లో అంత తృప్తినిచ్చింది ఇంకోటి లేదు. ఆయన తల వంచుకుని లోపలికి పోయాడు.

మా అత్తకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని, "అత్తా, ఆ దీవులు మనకు తూర్పంట," అన్నాను గొంతు తగ్గించి.

"అవునా?" అంది.

ఇంకో నాలుగు కాయలు వలిచింది. తర్వాత నా వైపు చూడకుండానే, "సూళ్ళూరుపేట చెంగాళమ్మకు మొక్కుకోని కన్నా చెంగల్రాజును. మూడు తడవలు పొయ్యొచ్చినా. ఆ ఊరు యా దిక్కున ఉండాదో నాకు తెలీదా?" అంది.

నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఊరికే సూడొద్దు, ఆ సగం నువ్వొలువు," అంది.

శుక్రవారం పొద్దున చద్ది తిని, పిల్లల్ని ముద్దుపెట్టుకుని, గడప దాటాం. రాజారత్నం జట్కా తెచ్చి వీధి చివర నిలబడ్డాడు. మా ఆయన తమ్ముడి వాకిలి దాకా పోయి, అక్కడ ఆగిపోయాడు. కాళ్ళు ముందుకు పోలేదు. లోపల నడవలో తిరుమలమ్మ మూట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె బయటికి రాదు, ఇచ్చేది గడప లోపలే. ఎంతసేపని? జట్కా గుర్రం కాళ్ళు తాటిస్తోంది.

పాకలోంచి మా మరిది గొంతు వచ్చింది. "రేయ్ మైలా, వాకిట్లో నిలబడుకుంటే మూట నడిసి వస్తాదా?"

మా ఆయన పాక వైపు తిరిగాడు. "రేయ్ చెంగల్రాజూ," అన్నాడు. "ఎద్దుతో సాలు. నాతో మాట్లాడరా."

పాకలో ఎద్దు మెడగంట కదిలింది. తర్వాత మా మరిది చేతిలో గడ్డిపరకలతోనే బయటికొచ్చి అన్న ముందు నిలబడ్డాడు. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఎనిమిదేళ్ళకు అంత నెరుస్తుందా అనిపించింది నాకు.

"రైలుకు టయమైతాది అన్నా. లోపలికి రా," అన్నాడు అతను.

అంతే. మా ఆయన గడప దాటాడు. తిరుమలమ్మ మూట అందించింది. ఆయన అందుకోబోయి, దాని బరువుకు ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను ఇచ్చినప్పుడు అది ఒంటిచేత్తో పట్టుకునే మూట.

"ఏముండాదమ్మా దీంట్లో?"

తిరుమలమ్మ నేల చూపులు చూస్తూ, "నా సీర ఒకటి, ఆయన పంచె ఒకటి. దశమినాడే పెట్టినా," అంది. ఆమె మొగుడు ఉలిక్కిపడి ఆమెను చూశాడు. అతనికీ చెప్పలేదన్నమాట. "మాకూ అప్పుడే బయలుదేరినట్టు లెక్క. ఇప్పుడు మానకూడదు," అంది.

"మైలకు గడ్డెవరేస్తారే?" అన్నాడు మా మరిది.

గోడ మీద మా అత్త తల కనిపించింది. "నేనేస్తాలేరా. నాకూ మాట్లాడుకునేదానికి ఒకరుండాల గదా," అంది.

జట్కాలో అయిదుగురం ఇరుక్కుని కూర్చున్నాం. రాజారత్నం వెనక్కి తిరిగి మా మరిదిని, "తుపాకీ ఏమన్నా తెచ్చినారా సామీ?" అని భయంభయంగా అడిగాడు. "ఆ పొద్దు తర్వాత ముట్టుకోలేదు," అన్నాడు మా మరిది. మా ఆయన దారి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒకరు కుంచె వదిలారు, ఒకరు తుపాకీ వదిలారు, గోడకు అటొకరు, ఇటొకరు. ఇంత తెలియకుండా ఎలా బతికాం అనిపించింది. రైల్లో అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని గూడూరు దాకా చెనిక్కాయలు వలుచుకు తిన్నారు. మాటలు తక్కువే. నాకు మాత్రం ఆ పొట్టు కిటికీలోంచి పారేయబుద్ధి కాలేదు, అంత సంతోషంగా ఉంది.

మర్నాడు తెల్లారగానే పడవెక్కాం, సూర్యుడు వెనకాల ఉండేటట్టు, అచ్చం ఎద్దుకు చెప్పినట్టే. దీవి ఇంకా దూరంగా ఉండగానే పడవాయన గడ ఆపి, ఇక నడవమన్నాడు. మోకాటి లోతు బురద. చెంగల్రాజు ముందు, అతని అడుగుల్లో అడుగు వేస్తూ మేము. అప్పుడు కనిపించాయి. వేలో, పదివేలో చెప్పలేను. నీళ్ళలో తలలు కిందికి వంచి మేస్తూ, ఒకటి నడిస్తే పక్కది నడుస్తూ. కొన్ని రెక్కలు విప్పితే లోపల ఎర్రగా కుంకుమ పోసినట్టుంది. రాజారత్నం దుర్భిణి కంటికి పెట్టుకుని, "ప్రభువా, ప్రభువా," అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయాడు. నేను చేతులు జోడించాను. ఈ కళ్ళు ఇచ్చినందుకు, ఈ మనుషుల్ని ఇచ్చినందుకు.

"ఆ బూడిద రంగువి ఏంది? వేరే జాతా?" అని మా ఆయన తమ్ముణ్ణి అడిగాడు.

"జాతి అదే అన్నా. అవి పిల్లలు. ఆ రంగు వచ్చేదానికి రెండు మూడేండ్లు పడతాది. అంతవరకూ తల్లుల నడుమనే తిరగతా ఉంటాయి."

తిరుమలమ్మ ఆ పిల్లల వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ఎవరితోనూ కాకుండా, నీళ్ళతో చెప్పినట్టు, "ఉండుంటే ఎనిమిదేండ్లు," అంది.

ఆ బిడ్డ గురించి ఆమె నోటి వెంట ఒక్క మాట రావడం నేను అంతకుముందు వినలేదు. మా మరిది తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఎనిమిదేండ్ల మూడు నెల్లు," అన్నాడు మా ఆయన.

నేను తిరిగి చూశాను. అన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి, నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తల వంచుకుని, బురదలో దిగిన తన కాళ్ళను చూసుకుంటున్నాడు.

తిరుమలమ్మ ఆయన వైపు తిరిగింది. ముసుగు సర్దుకోవడం కూడా మరిచిపోయి, ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయన ముఖంలోకి నేరుగా చూసింది.

"నేనొక్కదాన్నే లెక్కబెడతా ఉండాననుకున్నా బావా," అంది.